పేరు చెప్పని మనవి

జనవరి 18, ఆదివారం

కారం రుచి కాదు, మంట అని ప్రతి సంవత్సరం తొమ్మిదో తరగతికి చెబుతాను. ముక్కు పనిచేయకపోయినా, నాలుక మొద్దుబారినా మంట మంటే. నిన్న మా ఇంట్లో ఆ పాఠం తప్పయింది. అత్తయ్య కొత్త పండుమిరపకాయలతో కొరివికారం నూరింది. నూరిన మనిషికే కళ్లల్లో నీళ్లు కారుతున్నాయి. మా ఆయన జయపాల్ మాత్రం బెల్లప్పాకం కలుపుకున్నట్టు కలుపుకుని తిన్నాడు. ఉప్పు వేసుకున్నాడు, మళ్లీ వేసుకున్నాడు. బాగుందా అని వాళ్లమ్మ అడిగితే బాగుందన్నాడు.

నవంబరులో మిలిటరీ నుంచి సిక్ లీవు మీద వచ్చినప్పటి నుంచి ఇదే వరస. మేలో సరిహద్దులో యుద్ధం జరిగినప్పుడు మనిషి ఒంటి మీద గీత పడలేదు. వాసన పోయింది, మంట పోయింది. ఏం తగిలిందంటే చెప్పడు.

చర్చి అయ్యాక పాస్టరమ్మగారు మెట్ల దగ్గర ఆపి, చిక్కిపోయావేంటమ్మా అన్నారు. ఎవరైనా అలా అడిగితే చాలు, నా నోరు ఆగదు. కొరివికారం సంగతి, ఉప్పు సంగతి అన్నీ చెప్పేశాను. ప్రార్థన మనవిగా ఇమ్మన్నారు. ఇస్తాను, పేరు మాత్రం వద్దన్నాను. మా సంఘంలో పేరు చదివితే ఆమెన్ అనేలోపు మిరప కల్లాలకు చేరుతుంది.

"యుద్ధంలో దెబ్బతిన్న ఒక సహోదరుడు అని చదువుతాలే. దేవుడికి ఇంటిపేరు కావాలా ఏంటి" అన్నారావిడ.

నాకేం భయం లేదు. ఎవరితోనూ అనకుండా ఉండడానికి రాస్తున్నాను, అంతే.

జనవరి 24, శనివారం

రెండు గీతలు. నమ్మకం లేక ఇంకో కిట్ తెప్పించాను. అందులోనూ రెండే.

జయపాల్ నవ్వాడు. ఆ తర్వాత పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

జనవరి 26, సోమవారం

జెండా ఎగరేశాక మా హెడ్‌మాస్టారు జయపాల్‌ని నాలుగు మాటలు చెప్పమన్నారు. యూనిఫాం వేసుకుని వచ్చాడు. ఎంత బాగున్నాడో. చెప్పింది మాత్రం రెండు ముక్కలే: బాగా చదువుకోండి, నీళ్లు ఎక్కువ తాగండి. అప్పుడు పదో తరగతి స్తుతి లేచి, సార్, అక్కడ రహస్య ఆయుధం వాడారంట కదా, పేలదంట, చప్పుడుండదంట, మనిషి లోపల్నుంచే పాడైపోతాడంట అంది. ఎక్కడ విన్నావంటే యూట్యూబ్ అంది.

మైకు నేనే లాక్కున్నాను. ఒకే మాట రెండు వేరువేరు చోట్ల నుంచి వస్తే అప్పుడు ఆలోచిద్దాం, ఆధారం అంటే అదీ, కూర్చో అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. సైన్సు టీచరు గెలిచింది.

స్కూటీ మీద ఇంటికొస్తూ నేనూ అదే ప్రశ్న అడిగాను. పత్తి చేల పక్కన బండి ఆపించాడు.

"ఆ సాయంత్రం ఏదో వచ్చి పడింది షారోన్. పేలలేదు. జీలకర్ర మాడినట్టు వాసనొచ్చింది. నాకు తెలిసిన ఆఖరి వాసన అదే."

పక్కనున్న వాళ్లకి ఏం కాలేదా అన్నాను.

"ఏం కాలేదన్నారు. మొదట్లో నేనూ అదే అన్నాగా."

పై వాళ్లని అడిగితే అక్కడేం పడలేదన్నారట. అంతకంటే ఏమీ చెప్పలేదు. చెప్పకూడదని ఆర్డరు ఉందేమో. ఉండే ఉంటుంది. లేకపోతే పెళ్లాంతో కూడా చెప్పరా?

జనవరి 30, శుక్రవారం

గుంటూరు బ్రాడీపేటలో డాక్టరమ్మ దగ్గర ఎంత రద్దీ అంటే, కూర్చున్న కుర్చీలోంచి లేస్తే మళ్లీ దొరకదు. అందరూ తలా ఒక వాసన మోసుకొచ్చారు. ఒకామె సంపెంగ నూనె, ఒకామె పులిహోర డబ్బా. మా ఇంట్లో ఆయనకి పోయిన వాసనలన్నీ నాకే వచ్చిపడ్డట్టున్నాయి.

మీ ఆయన ఏమైనా మందులు వాడతారా అని డాక్టరమ్మ అడిగింది. చెప్పాను. మిలిటరీ ఆసుపత్రి కాగితం చూపించాను. కారణం అన్నచోట, నిర్ధారణ కాలేదని ఉంది. ఆవిడ అది చదివి పెన్ను పక్కన పెట్టింది. ఏం తగిలిందో తెలిస్తే బిడ్డకి ప్రమాదం ఉందో లేదో చెప్పగలను, తెలియనిదానికి నా దగ్గర టెస్టు లేదమ్మా అంది. ఐదో నెలలో స్కానింగ్ చేస్తాం, అందులోనూ అన్నీ కనపడవు. ఈలోపు ఏ ఆలోచన ఉన్నా ఇద్దరూ కలిసి మాట్లాడుకోండి అంది.

ఆలోచన అంటే ఏంటో నాకు అర్థమైంది. జయపాల్‌కీ అర్థమైంది. బస్సులో ఇద్దరం కిటికీలోంచే చూశాం.

ఆయనలాంటి వాడు ఇంకొకడు ఎక్కడైనా ఉంటే బాగుండును. ఒక్కడు చాలు. ఆ ఇంటికి వెళ్లి, వాళ్ల పిల్లల్ని చూసి వచ్చేదాన్ని.

ఫిబ్రవరి 1, ఆదివారం

పాస్టరమ్మగారికి రెండో మనవి ఇచ్చాను. ఆ సహోదరుడి భార్య ఇప్పుడు గర్భవతి, బిడ్డకి ఏ అవిటితనం లేకుండా పుట్టాలని. ఈసారీ పేరు లేకుండానే.

ఫిబ్రవరి 11, బుధవారం

స్కూలు నుంచి వచ్చేసరికి అత్తయ్యా మౌలాబీ కల్లంలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. నన్ను చూడగానే మాట ఆపేశారు. నన్ను చూసి మాట ఆపితే నేను ఊరుకునే రకం కాదని మౌలాబీకి తెలుసు. ఇరవై ఏళ్ల నుంచి మా వీధిలోనే ఉంటుంది.

"నీతో చెప్పొచ్చో లేదో టీచరమ్మా. మా పిల్ల షిరీన్ నిన్న చీరాల నుంచి ఫోన్ చేసింది. సింగరాయకొండలో ఒక మిలిటరీ ఆయనకి మన జయపాల్ మాదిరే అయిందంట. కారం కూడా తెలవదంట. అవతలోళ్లు ఏదో కొత్త రకం ఆయుధం ఏశారంట. మగ్గాల కాడ అంతా అదే మాట."

మంచిదేగా, ఇంకొకరున్నారన్నమాట అన్నాను. మౌలాబీ అత్తయ్య వంక చూసింది. అత్తయ్య కాయల వంక చూసింది. నేను వదల్లేదు. చివరికి చెప్పింది. ఆ మిలిటరీ ఆయన భార్యకి చేతుల్లేని బిడ్డ పుట్టిందట.

నమ్మలేదు.

ఫిబ్రవరి 12, గురువారం

నమ్మలేదు. ఎనిమిదో తరగతికి రెండుసార్లు ఒకే పాఠం చెప్పాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

సింగరాయకొండ మనిషి గురించి జయపాల్‌కి చెప్పాను. మనిషి వరకే. బిడ్డ సంగతి మింగేశాను.

వింటూ వింటూ నిటారుగా కూర్చున్నాడు. ఏ రెజిమెంటు, ఏ సెక్టారు, ఎప్పుడొచ్చాడు అని వరసగా అడిగాడు. నాకేం తెలుసు? సాయంత్రం గడ్డం గీసుకున్నాడు. అన్నం మారు పెట్టించుకున్నాడు. పడుకునేముందు, "అయితే నా ఒక్కడికే కాదన్నమాట" అన్నాడు, నాతో కాదు, పైకప్పుతో. ఇన్ని నెలల్లో ఆయన గొంతులో ప్రాణం విన్నది ఇవాళే. ఆ పూటకి నాకూ సంతోషంగానే ఉంది. ఆ బిడ్డ గుర్తొచ్చేదాకా.

ఫిబ్రవరి 19, గురువారం

నిన్నటి నుంచి మాకు ఈస్టరు ముందటి శ్రమల దినాలు, మౌలాబీ వాళ్లకి రంజాను, రెండూ ఒకేసారి మొదలయ్యాయి. మిరపకాయల ఘాటులో కూర్చుని ఆ మనిషి గుక్కెడు నీళ్లు తాగదు. మధ్యాహ్నం స్కూల్లో టిఫిన్ డబ్బా తెరవాలంటే నాకే సిగ్గేసింది.

స్టాఫ్‌రూంలో హిందీ మాస్టారు మరియదాసు గారు తన అత్తగారి ఊరు సింగరాయకొండ కబుర్లు చెబుతూ, అక్కడి చర్చి స్త్రీల సమాజంలో ఒక జవాను కుటుంబం కోసం ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన జరుగుతోందని అన్నారు. వాసన తెలియదట, భార్యకి బిడ్డ విషయంలో ఏదో కష్టమట. సంతోషకుమారి గారని, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీగా చేసి రిటైరైన పెద్దావిడ నడిపిస్తోందట. ఇల్లు రైల్వే స్టేషన్ వెనకే.

మౌలాబీకీ మరియదాసు గారికీ ముఖపరిచయం కూడా లేదు. ఒకటి చీరాల మగ్గాల నుంచి, ఒకటి సింగరాయకొండ చర్చి నుంచి. రెండు వేరువేరు చోట్లు. నేను పెట్టిన రూలే.

ఇప్పుడు నమ్మకుండా ఎలా?

ఫిబ్రవరి 22, ఆదివారం

అత్తయ్య ఇవాళ వంటింట్లో నా వెనక నిలబడి, మెల్లగా, "ఇంకా టైముందిగా అమ్మాయ్" అంది. ఎన్నో కాన్పులకి వేణ్నీళ్లు కాచిన మనిషి. ఈ మాట అనడానికి ఎంత భయపడి ఉండాలో తర్వాత తట్టింది. అప్పటికి మాత్రం గరిటె విసిరికొట్టి వచ్చేశాను.

మీరేమంటారని జయపాల్‌ని అడిగాను. "నీ ఇష్టం" అన్నాడు. నా ఇష్టమేంటి? కూరలో ఏం వెయ్యమంటారని అడిగానా నేను? అరిచాను. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. నీ ఇష్టం, నీ ఇష్టం అని ఇంకో రెండుసార్లు అన్నాడు.

మార్చి 3, మంగళవారం

కల్లంలో సుడిగాలి లేచింది. ఎండిన కాయల ఘాటుకి కూలీలంతా ముఖాలకు గుడ్డలు కట్టుకుని రోడ్డు మీదకి పరిగెత్తారు. అటుగా పోయే ఆటోవాడు కూడా దగ్గుతూ తిట్టుకుంటూ పోయాడు. జయపాల్ ఒక్కడే ఆ ఎర్రటి దుమ్ములో నిలబడి టార్పాలిన్ పట్టలు కప్పుతున్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి, నీళ్లు కారుతున్నాయి. ఆయనకా సంగతి తెలియదు.

శుక్రవారం సెలవు పెడతాను. సింగరాయకొండ వెళ్తాను. ఆయన కూడా వస్తే బాగుంటుందని అడిగాను. కల్లంలో కాయ ఉందన్నాడు. కల్లంలో కాయ ఉంది, కాయ దగ్గర వాళ్లమ్మ ఉంది, మౌలాబీ ఉంది. రావడానికి భయం, అది చెప్పడు. నేను లేచి వెళ్తుంటే మాత్రం వెనక నుంచి, "అతన్ని ఒక్కటే అడుగు. ఆఖరి వాసన ఏందో అడుగు" అన్నాడు.

మార్చి 6, శుక్రవారం

చీరాల దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. ఒంగోలు దాటేవరకు నిలబడే ఉన్నాను. ఎదురు సీట్లో ఎవరో వేయించిన జీడిపప్పు తింటుంటే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. దారిపొడుగునా ఆ తల్లిని ఏం అడగాలో అనుకుంటూనే ఉన్నాను. మీ ఆయనకి ఎప్పుడైంది? బిడ్డ ఎప్పుడు పుట్టింది? ఆ తర్వాతి ప్రశ్న మాత్రం నోట్లోకి కూడా రాలేదు. బిడ్డని ఒకసారి చూపిస్తారా అన్నది.

సంతోషకుమారి గారిది సిమెంటు రేకుల ఇల్లు. గుమ్మంలో చెప్పులు చాలా ఉన్నాయి. ప్రార్థన అప్పుడే ముగిసి ఆడవాళ్లు బయటికి వస్తున్నారు. ఆవిడ తెల్లచీరలో, చాప మీదే ఇంకా మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది. ఫలానా జవాను ఇల్లు ఎక్కడండీ, గుంటూరు వైపు నుంచి వచ్చానన్నాను.

"వాళ్లది మా ఊరు కాదమ్మా. ఒంగోలు సువార్త మీటింగుల్లో ఇచ్చారు ఆ మనవి. మీ గుంటూరు వైపు నుంచే వచ్చిందని చెప్పారే."

మరి అందరూ సింగరాయకొండ అంటున్నారన్నాను. ఇక్కడ ఉపవాసాలు ఉంటున్నాం కదా, మా ఊరనుకుని ఉంటారంది. గోడకి ఆనుకుని కూర్చున్నాను. చేతుల్లేని బిడ్డ పుట్టిందట కదా అని అడిగాను.

ఆవిడ ముఖం చిట్లించింది. ఆ మాట ఆ మీటింగుల్లోనే ఒక ప్రసంగీకుడు అంత్యదినాల గురించి చెబుతూ కలిపాడట. అయ్యా, మాకు వచ్చిన మనవిలో ఆ అమ్మాయి ఇంకా కనలేదు, మీరెక్కడ విన్నారని ఆవిడ సభలోనే లేచి అడిగిందట. జవాబు చెప్పకుండా పాట ఎత్తుకున్నాడట.

"నాకు ఆ అమ్మాయి కంటే ఆ అబ్బాయే కళ్లల్లో మెదులుతాడమ్మా. వాళ్లమ్మ కొరివికారం నూరి పెడితే మంట తెలవక ఉప్పు రెండుసార్లు వేసుకున్నాడంట. అడిగితే బాగుందన్నాడంట, తల్లి బాధపడుద్దని."

ఆవిడ ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు కింద పెట్టాను. అది మా ఇంటి కంచం. అది మా అత్తయ్య నూరిన కారం. మెట్ల దగ్గర నేను వాగిన వాగుడు ఊళ్లు తిరిగి, ఉపవాసాలు చేయించి, చీరాల మగ్గాల మీదుగా మౌలాబీ నోటికి వచ్చి, మా కల్లంలో నన్నే భయపెట్టింది. ఇంకొక జవాను లేడు. ఆ భార్య లేదు. పేరు చెప్పొద్దని నేనే అన్నాను. పేరు లేదు కాబట్టి పోయిన ప్రతి ఊళ్లోనూ అదొక కొత్త మనిషై కూర్చుంది. రెండు వేరువేరు చోట్లట! రెండు చోట్లా నేనే. పిల్లలకి పాఠం చెప్పే ముఖమేనా ఇది?

చెబుదామనే అనుకున్నాను. ఆవిడ ఈలోపు లేచి కంచం పెట్టింది. అన్నం, మామిడికాయ పప్పు, వడియాలు. "ఇందాక కాఫీ ఇవ్వబోతే వాసనకి ముక్కు మూసుకున్నప్పుడే కనిపెట్టాలే, నువ్వూ ఒట్టి మనిషివి కాదని. తిను" అంది. మీరూ తినండి అన్నాను.

"శుక్రవారం కదా. ఆ అమ్మాయి పురుడు పోసుకునేదాకా శుక్రవారాలు నాకు అన్నం లేదు."

ముద్ద గొంతు దిగలేదని రాస్తే అబద్ధం. విపరీతంగా ఆకలేసింది. నా కోసం పస్తున్న మనిషి వడ్డిస్తుంటే, ఆవిడ ఎదురుగా కూర్చుని తిన్నాను. ఏడుస్తూనే తిన్నాను. నెలలు కదా, అలాగే ఉంటుందిలే అని ఆవిడ వీపు రాసింది. అప్పుడు ఆ అమ్మాయిని నేనేనని చెప్పడానికి నోరు రాలేదు.

వచ్చేటప్పుడు పేరడిగింది. షారోన్ అన్నాను. "నీ పేరు కూడా కలుపుతాలేమ్మా" అంది. అంటే వచ్చే శుక్రవారం నుంచి ఆ ఇంట్లో నా కోసం రెండు ప్రార్థనలు, ఒకటి పేరుతో, ఒకటి పేరు లేకుండా.

మార్చి 7, శనివారం

నిన్న ఇంటికి చేరేసరికి ఓపిక లేదు. తలనొప్పి అని పడుకున్నాను. నిజానికి ఆయన ముఖం చూడలేక. నా ఒక్కడికే కాదన్నమాట అని గడ్డం గీసుకున్న మనిషితో, మీ ఒక్కరికేనండీ అని ఎలా చెప్పను? దొరకలేదు, ఇల్లు మారిపోయారు అని చెబుదామని అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాను. మంచి అబద్ధం. ఎవరికీ నష్టం లేదు.

పొద్దున కల్లంలో కాయలు తిరగేస్తున్నాడు. పార ఆపి, "కనపడ్డాడా?" అన్నాడు. నేను సిద్ధం చేసుకున్నదేదీ నోటికి రాలేదు. కనపడ్డాడు, అది మీరే అన్నాను. మెట్ల దగ్గర నుంచి మొదలుపెట్టి, ఆ బిడ్డ సంగతి ఒక్కటి తప్ప, అంతా చెప్పాను.

పట్ట అంచు మీద కూర్చుండిపోయాడు. ఒక కాయ తీసుకుని దాన్ని వేళ్లతో చిదుముతూ ఉన్నాడు. ఆయనకి ఉన్న ఒక్క తోడుని నేనే చంపేశాననిపించింది. కాయ పడేసి తలెత్తాడు.

"అయితే ఆ చేతుల్లేని బిడ్డ కూడా లేనట్టేగా?"

ఆ సంగతి ఆయనకి నేను చెప్పనే లేదు. వాళ్లమ్మ ఫిబ్రవరిలోనే చెప్పిందట. ఇన్నాళ్లూ లోపల పెట్టుకునే తిరిగాడు. కళ్లు మూసినా తెరిచినా ఆ బిడ్డే కనపడుతోంది అన్నాడు. కనమని నేనంటే ఆ బిడ్డని నీ చేతుల్లో పెట్టింది నేనే అవుతా, వద్దని నేనంటే చంపింది నేనే అవుతా, అందుకే నీ ఇష్టం అన్నా అన్నాడు. నాకు ఆయన్ని కొట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనిపించింది. రెండోది చేశాను. కల్లంలో అందరూ చూస్తుండగానే.

అసలు మీకు ఏం తగిలిందండీ, ఇప్పుడైనా చెప్పండి అన్నాను.

"తెలీదే. నిజంగా తెలీదు. తెలిస్తే నీకు చెప్పనా?"

ఇన్నాళ్లూ చెప్పడం లేదనుకున్నాను. తెలియదేమో అని ఒక్కసారీ అనుకోలేదు. అంత చదువుకున్నదాన్ని.

పార తీసుకుని లేచాడు. రెండు వరసలు తిరగేశాక, నా వైపు చూడకుండా, "కందామే" అన్నాడు.

మార్చి 8, ఆదివారం

పాస్టరమ్మగారు ఎప్పటిలాగే చదివారు, యుద్ధంలో దెబ్బతిన్న ఒక సహోదరుడి కోసం, గర్భవతి అయిన అతని భార్య కోసం అని. నేను లేచి నిలబడ్డాను. ఆ సహోదరుడు జయపాల్, ఆ భార్యని నేను, షారోన్ అన్నాను. ఆయనకి ఏం తగిలిందో మాకు తెలియదు, అడిగితే ఎవరూ చెప్పలేదు, డాక్టరమ్మకీ తెలియదు. బిడ్డ ఎలా ఉంటుందో కూడా తెలియదు. మేం కంటున్నాం. తెలియదన్న మాట దగ్గర ఎవరూ ఏమీ కలపకుండా ప్రార్థన చేయండి అన్నాను. టీచరు బుద్ధి పోదు కదా, చివర్లో కొంచెం గద్దించినట్టే వచ్చింది.

మగవాళ్ల వైపు జయపాల్ కూడా లేచి నిలబడి ఉన్నాడు. అత్తయ్య ముసుగు ముఖం మీదకి లాక్కుంది.

సాయంత్రానికి కల్లాలన్నిటికీ చేరింది. ఉపవాసం విడిచాక మౌలాబీ ఖర్జూరాలు తెచ్చింది. నా నోట్లో ఒకటి పెట్టి వెళ్లిపోయింది.

మార్చి 11, బుధవారం

మాడిన జీలకర్ర. ఇవాళ పొయ్యి మీద కావాలనే మాడబెట్టాను. అది ఎలా ఉంటుందో నాకైనా తెలియాలి. ఇల్లంతా పొగ. ఆయన వచ్చి స్టవ్ కట్టేసి, నా పక్కన నిలబడ్డాడు. స్కానింగ్ ఇంకా వచ్చే నెల.

మార్చి 13, శుక్రవారం

సంతోషకుమారి గారికి ఫోన్ చేశాను. ఆ పేరు లేని అమ్మాయిని నేనేనండీ అన్నాను. "అన్నం తిన్నావా?" అంది.

తిన్నానన్నాను. మరి మీరు అన్నాను. శుక్రవారం కదమ్మా అంది.

ఫోన్ పెట్టేసి, వెళ్లి ఇంకోసారి అన్నం పెట్టుకున్నాను.